మొరాండి గ్రిజ్జానా దృశ్యం వేలంపాటకి వచ్చింది: కాటలాగ్ పేజీ ఎలా చదవాలి, పాట ఎక్కడ ఆపాలి?

పాటగాడు (సోమవారం, రాత్రి 9.10)

మిలాన్‌లో ఈ సీజన్ ఆధునిక కళ వేలంలో ఒక మొరాండి దృశ్యచిత్రం వస్తోంది. సంస్థ పేరు, లాట్ (వేలానికి పెట్టిన వస్తువు) నంబరు కావాలనే రాయడం లేదు. కాటలాగ్‌లో ఉన్నది తెలుగులో పెడుతున్నా.

జోర్జో మొరాండి (బొలోన్యా, 1890–1964). పాయెసాజ్జో (దృశ్యచిత్రం), 1943. కాన్వాస్ మీద నూనె రంగులు, 35 × 40 సెం.మీ. కింద కుడిపక్క సంతకం. వెనక చట్రం మీద మిలాన్ గాలెరియా దెల్ మిలియోనె చీటీ. వితాలి కాటలాగ్ (మొరాండి నూనెరంగుల బొమ్మల జాబితా) నంబరు ఉంది. అంచనా 3,50,000 – 5,00,000 యూరోలు. కండిషన్ రిపోర్ట్ (బొమ్మ ఏ స్థితిలో ఉందో చెప్పే నివేదిక) అడిగితే పంపుతారు. అట్టడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఒక లైను: "ఈ లాట్‌కి ఆత్తెస్తాతో ది లిబెరా చిర్కొలాత్సియోనె లేదు."

మూడు ప్రశ్నలు. ఆ చివరి లైనుకి అర్థం ఏమిటి? సుత్తి 4,00,000 దగ్గర పడితే జేబులోంచి మొత్తం ఎంత పోతుంది? పాటకి ముందు వాళ్ళని ఏమేం అడగాలి?

గ్రిజ్జానా_దారి (9.48)

మీ మూడు ప్రశ్నల్లో బొమ్మ గురించి ఒక్కటీ లేదు! ముందు అది చూద్దాం.

గ్రిజ్జానా బొలోన్యాకి దక్షిణాన, అపెనైన్ కొండల్లో, రేనో, సెత్తా నదుల మధ్య ఉన్న ఊరు. మొరాండి 1913 నుంచి వేసవికి అక్కడికి వెళ్ళేవాడు. 1985లో ఊరి పేరునే గ్రిజ్జానా మొరాండి అని మార్చారు. 1943 మేలో ఫాసిస్టు వ్యతిరేకులతో స్నేహం ఉందని బొలోన్యాలో కొద్దిరోజులు జైల్లో పెట్టారు. బయటికొచ్చాక గ్రిజ్జానాకి వెళ్ళి 1944 దాకా అక్కడే ఉన్నాడు. 1940–44 మధ్య దృశ్యాలు చాలా ఎక్కువ. 1944 సెప్టెంబరు చివర నాజీలు ఊచకోత కోసిన మోంతె సోలె ఆ చుట్టుపక్కలే. బొమ్మల్లో దాని జాడ వెతక్కండి, దొరకదు. మనిషే ఉండడు.

ఫోటో పెద్దది చేసి చూడండి. కింద సగం మొత్తం వాలు నేల, దుమ్ము పట్టిన ఆకుపచ్చ. కుడిపక్క కిటికీల్లేని రెండు ఇళ్ళ గోడలు, ఒకటి ఎండలో, ఒకటి నీడలో. రెండిటికీ రంగులో తేడా ఎంత? కాస్త గంధం కలిపిన బూడిద, కాస్త తక్కువ కలిపిన బూడిద, అంతే. కొండ అంచు ఆకాశానికి తగిలే చోట సన్నటి గీతలా కింది పూత కనపడుతుంది. ఆకాశాన్ని కొండ దాకా తెచ్చి ఆపేశాడు, కొండ మీదికి పూయలేదు. దూరంగా ఉన్నదాన్ని దుర్భిణితో దగ్గరికి లాక్కుని చూసేవాడు కాబట్టి ముందున్న పొదకీ వెనకున్న ఇంటికీ మధ్య గాలి ఉండదు. అన్నీ ఒకే పలక మీద అతికించినట్టుంటాయి. నకిలీగాళ్ళు తప్పటడుగు వేసేది ఇక్కడే. ముందు పొద ముదురు చేసి, వెనక కొండ నీలం చేసి "లోతు" తెస్తారు. దారిని సున్నం కొట్టినట్టు తెల్లగా వేస్తారు. మొరాండి తెల్లదారి ఎప్పుడూ తెలుపు కాదు.

వెనకచట్రం (10.20)

ముందుపక్క ఎంత బాగా చదివినా కొనే ముందు తిప్పి చూడాలి. వెనక ఫోటోలు కాటలాగ్‌లో వేయరు, అడిగితే పంపుతారు. పంపనంటే ఆ లాట్ వదిలేయండి.

చూడాల్సినవి. కాన్వాస్ అంచు చట్రం మీదికి మడిచి మేకులు కొట్టిన చోట తుప్పు మరక బట్టలోకి దిగి ఉండాలి. 80 ఏళ్ళ మేకు చుట్టూ గోధుమరంగు వలయం లేకపోతే అది కొత్త మేకన్నా అయివుండాలి, కొత్త బట్టన్నా అయివుండాలి. స్టేపుల్ పిన్నులు కనిపిస్తే భయపడొద్దు, తర్వాతెప్పుడో మళ్ళీ బిగించి ఉంటారు. కానీ అప్పుడు పాత మేకుల బెజ్జాలు ఖాళీగా కనపడాలి. పాత బెజ్జాలు బట్టలో ఉండి చట్రంలో లేకపోతే చట్రం మారింది. చట్రం మారిందంటే దాని మీది చీటీ కూడా ఈ బొమ్మది కాకపోవచ్చు.

మిలియోనె చీటీ చూడగానే జనం ఆగిపోతారు. 1930లో మిలాన్‌లో మొదలైన గ్యాలరీ అది, మొరాండి బొమ్మలు ఎన్నో దాని చేతుల మీదుగా వెళ్ళాయి. అందుకే పాత చట్రాన్ని చీటీతో సహా కొని కొత్త కాన్వాస్ బిగించడం పాత విద్య. చీటీ అంచు చుట్టూ కర్ర రంగు చూడండి. చీటీ కింద కర్ర లేతగా, చుట్టూ ముదురుగా ఉండాలి. చీటీ మీద చేత్తో రాసిన నంబరు, బొమ్మ పేరు, కొలత గ్యాలరీ రికార్డుతో, వితాలి ఇచ్చిన వివరాలతో కలవాలి. ఒక్క సెంటీమీటరు తేడా పరవాలేదు. నిలువు, అడ్డం తారుమారైతే పరవా ఉంది.

కొత్తచూపు (10.31)

వితాలి నంబరు ఉంటే ఇక అనుమానం ఎందుకండీ? ఆ పుస్తకంలో ఉందంటే అసలుదే కదా?

వెనకచట్రం (10.44)

పుస్తకంలో ఉన్న బొమ్మ అసలుది. మీ ముందున్నది ఆ బొమ్మేనా అన్నది వేరే ప్రశ్న.

లాంబెర్తో వితాలి కాటలాగ్ 1977లో ఎలెక్తా వేసింది, రెండు సంపుటాలు, మళ్ళీ 1983లో. దాదాపు 1300 నూనెరంగుల బొమ్మలు, చాలావరకు నలుపు తెలుపు ఫోటోలు. 1985 తర్వాత తేలినవాటిని మరిలేనా పాస్క్వాలి 2016లో వేరే పుస్తకంగా తెచ్చింది. నీటిరంగులు, డ్రాయింగులకి కూడా విడి కాటలాగ్‌లు ఉన్నాయి. వితాలి ఫోటో స్కాన్ చేసి, మీ లాట్ ఫోటోని నలుపు తెలుపులోకి మార్చి, ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. కూర్పు కలవడం చాలదు, కూర్పుని ఎవడైనా దింపుతాడు. దట్టంగా వేసిన తెలుపు గట్లు, కుంచె ఆగిన చోటు, కుంచెలోంచి రాలి రంగులో ఇరుక్కున్న వెంట్రుక, ఇవి కలవాలి. వాటిని దింపడం కుదరదు.

సుత్తిదెబ్బ (10.52)

పై మాటకి వంద మార్కులు.

చట్టం_చదవండి (మంగళవారం, ఉదయం 7.05)

మొదటి ప్రశ్నకి వస్తాను. ఆ చిన్న లైనే ఈ లాట్ ధరని శాసిస్తుంది.

ఇటలీలో సాంస్కృతిక ఆస్తుల చట్టం 2004 నాటి 42వ శాసనాత్మక డిక్రీ. దాన్ని 2017 నాటి 124వ చట్టం సవరించింది. చనిపోయిన కళాకారుడు 70 ఏళ్ళకు పైగా కిందట చేసిన పని దేశం దాటాలంటే ఎగుమతి కార్యాలయం ఇచ్చే ఆత్తెస్తాతో ది లిబెరా చిర్కొలాత్సియోనె కావాలి. "స్వేచ్ఛగా తిరగొచ్చు" అనే పత్రం అన్నమాట. 13,500 యూరోలకి తక్కువైనవాటికి సడలింపు ఉంది, ఈ లాట్‌కి దానితో పని లేదు. 1943 బొమ్మ ఎప్పుడో 70 దాటింది.

పత్రం కోసం బొమ్మని కార్యాలయానికి పట్టుకెళ్ళి చూపించాలి, విలువ ప్రకటించాలి. చట్టం ప్రకారం 40 రోజుల్లో తేల్చాలి. ఇస్తే 5 ఏళ్ళు చెల్లుతుంది. యూరోపియన్ యూనియన్ బయటికి, అంటే లండన్‌కైనా హైదరాబాద్‌కైనా వెళ్ళాలంటే, 50 ఏళ్ళు దాటి 1,50,000 యూరోలకు మించిన పెయింటింగ్‌కి యూనియన్ ఎగుమతి లైసెన్సు కూడా తోడవ్వాలి.

కిటుకంతా కాదన్నప్పుడు ఉంది. "ఇది దేశానికి ముఖ్యం" అని పత్రం నిరాకరిస్తే వ్యవహారం అక్కడితో ఆగదు, వెంటనే నోతిఫికా, అంటే బొమ్మని దేశ సాంస్కృతిక ఆస్తిగా ప్రకటించే ప్రక్రియ మొదలవుతుంది. నోతిఫికా పడ్డ బొమ్మ శాశ్వతంగా ఇటలీ దాటదు. అమ్మితే ప్రభుత్వానికి తెలియజేయాలి. తెలియజేసిన నాటినుంచి 60 రోజుల్లో అదే ధరకి ప్రభుత్వం తానే కొనేయొచ్చు. ఆ రెండు నెలలూ బొమ్మ కొన్నవాడి చేతికి ఇవ్వకూడదు.

పత్రం లేని లాట్ మీద పాట పాడితే ఈ లాటరీ టికెట్ కూడా కలిపి కొంటున్నట్టే. బయటి దేశాల పాటగాళ్ళు తప్పుకుంటారు, ఇటలీ లోపలి వాళ్ళు మిగులుతారు. అంచనాలో ఆ సంగతి ముందే కలిసి ఉంటుంది.

కొత్తచూపు (7.40)

అయితే విలువ తక్కువ చూపిస్తే ముఖ్యమైనది కాదనుకుని పత్రం ఇచ్చేస్తారు కదా?

చట్టం_చదవండి (7.58)

ఆ తెలివి వాళ్ళకి పాతదే. ఎగుమతికి ప్రకటించిన విలువకే ప్రభుత్వం బొమ్మ కొనేయొచ్చు, చట్టంలో 70వ అధికరణం. 4 లక్షల బొమ్మని 90 వేలని రాస్తే 90 వేలు ఇచ్చి పట్టుకెళ్తారు. కొనే ఆదేశం చేతికి అందేలోపు యజమాని ఎగుమతి ఆలోచన మానుకుని బొమ్మ వెనక్కి తీసుకోవచ్చు కానీ, ఈపాటికి కార్యాలయం కళ్ళు దాని మీద పడ్డాయి.

గ్రిజ్జానా_దారి (8.15)

ఒక చిన్న చేర్పు. ఆ 70 ఏళ్ళ గీత కదులుతూ ఉంటుంది. మొరాండి 1950ల్లో బొలోన్యా ఇంటి కిటికీలోంచి వేసిన వియా ఫొందాజ్జా పెరటి దృశ్యాలు ఏటా కొన్ని గీత దాటుతున్నాయి. 1957 బొమ్మ 2027లో దాటుతుంది. గీతకి ఇవతల ఉన్నంతకాలం యజమాని స్వీయ ప్రకటనతో బయటికి పంపొచ్చు, అసాధారణ ప్రాముఖ్యం ఉందని ప్రభుత్వం అడ్డుపడకపోతే. అందుకే 50ల రెండో సగం దృశ్యాల కాటలాగ్‌లో తేదీ మీద అంత గొడవ. మొరాండి ఆ రోజుల్లో చాలా బొమ్మల మీద తేదీ వేయలేదు కదా. "సుమారు 1955" అని రాస్తే ఒక లెక్క, "1957" అని రాస్తే ఇంకో లెక్క.

పాటగాడు (8.30)

అర్థమైంది. పత్రం వచ్చేదాకా ఆగి, వస్తేనే కొంటానని షరతు పెట్టొచ్చా?

చట్టం_చదవండి (8.41)

వేలంలో కుదరదు. చాలా సంస్థల నియమాల్లో స్పష్టంగా ఉంటుంది: ఎగుమతి పత్రం రాకపోయినా, ఆలస్యమైనా కొన్నవాడు డబ్బు కట్టి తీరాలి. షరతులు పాటకి ముందే. "అమ్మేవాళ్ళు దరఖాస్తు పెట్టారా? ఎప్పుడు? గతంలో ఎప్పుడైనా నిరాకరించారా?" అని రాతపూర్వకంగా అడగండి. ఇంకోటి, బొమ్మ ఈమధ్యే బయటి దేశం నుంచి తాత్కాలిక దిగుమతి కింద ఇటలీకి వచ్చి, ఆ ధ్రువపత్రం ఇంకా చెల్లుతుంటే అది తిరిగి బయటికి వెళ్ళగలదు. కాటలాగ్‌లో ఆ ముక్క ఉంటే ధర వేరే మెట్టు మీద ఉంటుంది.

లెక్కలశాస్త్రి (మధ్యాహ్నం 1.20)

రెండో ప్రశ్న నాకు వదిలేయండి. సుత్తి ధర 4,00,000 అనుకుందాం. కొనుగోలుదారు కమిషన్ ఒక్కో సంస్థకి ఒక్కోలా, మెట్లమెట్లుగా ఉంటుంది. లెక్క కోసం పన్ను కాకుండా 25 శాతం అనుకుంటాను, అంటే 1,00,000.

ఇప్పుడు వ్యాట్. ఇటలీ 2025 జూలై 1 నుంచి కళాఖండాల మీద వ్యాట్‌ని 22 నుంచి 5 శాతానికి దించింది. అందరూ "ఆహా 5 శాతమే" అంటున్నారు, ఆగండి. అమ్మకం రెండు దారుల్లో ఒకదానిలో జరుగుతుంది.

మామూలు దారి: మొత్తం ధర మీద 5 శాతం. 5,00,000 మీద 25,000. కట్టేది 5,25,000.

మార్జిన్ దారి: ప్రైవేటు వ్యక్తి అమ్ముతుంటే సుత్తి ధర మీద వ్యాట్ ఉండదు, కమిషన్ మీద మాత్రం పాత 22 శాతమే. 1,00,000 మీద 22,000. కట్టేది 5,22,000.

తేడా 3,000. అంటే ఇంట్లో గోడకి తగిలించుకునేవాడికి రెండూ ఒకటే. వ్యాపారంగా కొనేవాడికి మామూలు దారి మేలు, 25,000 వెనక్కి రాబట్టుకుంటాడు. యూనియన్ బయటికి పంపితే నిర్ణీత గడువులో ఎగుమతి రుజువు చూపి వ్యాట్ తిరిగి అడగొచ్చు. మన లాట్‌కి ఆ దారి ఎగుమతి పత్రం దగ్గరే ఆగుతుంది. లాట్ నంబరు పక్కన నక్షత్రమో బాణమో గుర్తు ఉంటుంది, అది ఏ దారో చెబుతుంది. గుర్తుల అర్థం కాటలాగ్ చివరి పేజీల్లో.

ఇక దిరిత్తో ది సెగ్వితో, కళాకారుడి వారసులకి తిరిగి అమ్మకంలో వాటా. చనిపోయాక 70 ఏళ్ళు నడుస్తుంది. మొరాండికి 2034 చివరి వరకు. మొదటి 50,000 మీద 4 శాతం: 2,000. తర్వాత 2,00,000 దాకా 3 శాతం: 4,500. తర్వాత 3,50,000 దాకా 1 శాతం: 1,500. మిగిలిన 50,000 మీద అర శాతం: 250. మొత్తం 8,250 యూరోలు. ఎంత పెద్ద ధరైనా 12,500 దాటదు. ఇటలీ చట్టం దీన్ని అమ్మేవాడి మీద వేసింది. కానీ కాంట్రాక్టులో కొన్నవాడి మీదికి నెట్టొచ్చని యూరోపియన్ న్యాయస్థానం 2015లో తేల్చింది. నియమాల పేజీ చదవకపోతే బిల్లు వచ్చినప్పుడు ఉలిక్కిపడతారు.

ఆన్‌లైన్ వేదిక ద్వారా పాడితే దాని రుసుము అదనం. గది లోంచో ఫోన్ లోంచో పాడితే ఉండదు. ప్యాకింగు, బీమా, గోదాము అద్దె ఎలాగూ ఉన్నాయి.

సుత్తిదెబ్బ (1.55)

శాస్త్రిగారూ, ఇండియా నుంచి కట్టేవాళ్ళ సంగతి కూడా రాయండి.

లెక్కలశాస్త్రి (2.10)

క్లుప్తంగా. వ్యక్తిగతంగా ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకి డబ్బు పంపడానికి రిజర్వు బ్యాంకు పథకం) దారిలో పంపితే ఒక మనిషికి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్లే. ఈ లాట్ ఒక్కడి వల్ల ఒక్క ఏడాదిలో కాదు, వేలం సంస్థేమో వారాల్లో డబ్బు అడుగుతుంది. 10 లక్షల రూపాయలు దాటిన భాగం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందే వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది. అది తర్వాత ఆదాయపన్నులో సర్దుబాటవుతుంది కానీ అప్పటిదాకా చేతిలో ఉండదు. సరుకు దిగితే కస్టమ్స్‌లో 9701 శీర్షిక, చేత్తో వేసిన చిత్రాలది. ఏ దారిలో పంపాలో బ్యాంకుతో పాటకి ముందే తేల్చుకోవాలి, సుత్తి పడ్డాక కాదు.

రంగుపొర (సాయంత్రం 6.30)

కండిషన్ రిపోర్ట్ సంగతి ఎవరూ ఎత్తలేదు. వాళ్ళ భాష తెలియకపోతే "మొత్తానికి బాగుంది" అన్న మాట నమ్మి మునుగుతారు.

మొరాండి పైపొర మెరవదు. సున్నపు గోడలా పొడిగా ఉంటుంది, ఆ పొడితనమే ఆ బూడిదరంగులకి ప్రాణం. తర్వాతి యజమాని ఎవరో "శుభ్రం చేయించి" వార్నిష్ కొట్టిస్తే రంగు తడిసినట్టు ముదురుతుంది, గంధం బూడిద కాస్తా కాఫీ బూడిద అవుతుంది. వార్నిష్ తీయొచ్చు కానీ పలచగా వేసిన చోట రంగుని కూడా కదిలించే ప్రమాదం ఉంది. ఫోటోని పక్కవాటంగా, దీపం ఒక వైపు నుంచి పడేలా తీయమని అడగండి. మెరుపు ఉంటే వెంటనే తెలుస్తుంది.

అతినీలలోహిత కాంతి కింద తీసిన ఫోటో తప్పనిసరి. పాత సహజ వార్నిష్ పచ్చటి పొగలా వెలుగుతుంది. దాని మీద తర్వాత దిద్దిన మచ్చలు నల్లగా కనపడతాయి. జింకు తెలుపు పసుపుపచ్చగా మెరుస్తుంది, టైటానియం తెలుపు నల్లగా ఉండిపోతుంది. ఆకాశం మూలలో వేలెడు నల్లమచ్చలు రెండుంటే సర్దుకోవచ్చు. గోడల మధ్య, రెండు బూడిదలు కలిసే అంచు మీద ఉంటే ధర తగ్గించాల్సిందే, ఎందుకంటే బొమ్మ అంతా ఆ అంచు మీదే నిలబడి ఉంది.

సంతకాన్ని భూతద్దంతో చూడాలి. పగుళ్ళు సంతకం గీతని కోసుకుంటూ పోతే సంతకం పగుళ్ళకన్నా పాతది. సంతకం రంగు పగులులోకి కారి నిండితే ఎవరో తర్వాత పెట్టారు. దీనికి ల్యాబు అక్కర్లేదు, మంచి మాక్రో ఫోటో చాలు.

జింకు తెలుపు వాడిన బొమ్మల్లో ఇంకో జబ్బు ఉంది. కాలం గడిచేకొద్దీ ఆ పొర పెళుసెక్కి కింది పూత నుంచి చిన్న పెంకుల్లా లేస్తుంది. ప్రయాణంలో రాలేది ఇదే. రిపోర్టులో "సొల్లెవామెంతి" అనే మాట ఉంటే, అంటే పొర లేచిందని అర్థం, ముందు అతికించాకే కదపమనండి.

కొత్తచూపు (6.52)

ల్యాబులో రంగులు పరీక్షిస్తే నకిలీ తేలిపోతుంది కదా, ఇదంతా ఎందుకు?

రంగుపొర (7.15)

1943 బొమ్మకి రంగుల పరీక్ష అంతగా పనికిరాదు. టైటానియం తెలుపు 1920ల నుంచి బజార్లో ఉంది, థాలో నీలం 1930ల మధ్య నుంచి ఉంది. రెండూ దొరికినా దోషం కాదు. 1913 దృశ్యంలో దొరికితే అది వేరే కథ. ఇక్కడ పనికొచ్చేవి: బట్ట పోగులోనో చీటీ కాగితంలోనో నీలితెలుపుగా మెరిసే బ్రైట్‌నర్ (తెల్లగా కనపడేలా కలిపే రసాయనం), అది రెండో ప్రపంచయుద్ధం తర్వాతి సరుకు. అక్రిలిక్ కింది పూత, అది 1950ల నాటిది. ఇంకా గట్టిగా కావాలంటే కార్బన్ 14. 1955 తర్వాత అణుపరీక్షల వల్ల గాలిలో అది అమాంతం పెరిగింది కాబట్టి, ఆ తర్వాత పెరిగిన నార, నూనె పట్టుబడతాయి. అయితే పాత బట్ట సంపాదించి వేసినవాడు నార పరీక్ష దాటిపోతాడు, నూనెలో దొరుకుతాడు.

పరీక్ష "కాదు" అని చెప్పగలదు, "మొరాండే" అని చెప్పలేదు.

తీరగాలి (రాత్రి 8.40)

వేరే కోణం. ఇలాంటి కాన్వాస్ విశాఖలోనో కాకినాడలోనో గోడకి పెడితే ఎన్నాళ్ళు నిలుస్తుంది?

రంగుపొర (9.05)

కాన్వాస్ వెనక ఇంకో బట్ట అతికించారా అన్నదాన్ని బట్టి. ఇటలీలో పాతకాలం నుంచి చేసేది కొల్లా పాస్తా. గోధుమపిండి, జంతువుల జిగురు కలిపి ఉడికించిన మైదా ముద్దలాంటిదే. దాంతో వెనక కొత్త బట్ట అతికిస్తారు. ఇటలీ పొడి గదుల్లో వందేళ్ళు నిలిచింది. సముద్రపుటూళ్ళో అది బూజుకీ, పురుగుకీ అన్నం పెట్టినట్టే. పైగా తేమ 80 శాతం దాటితే జిగురూ బట్టా ఒక్కసారిగా ముడుచుకుంటాయి, ముడుచుకోలేని రంగుపొర డేరాలా లేస్తుంది. కాటలాగ్‌లో "రిఫోదెరాతో" (వెనక బట్ట అతికించినది) అని ఉంటే ఏ జిగురుతో అని అడగండి.

అతికింపు లేని బట్టైతే కొంత నయం. వెనక గట్టి అట్ట బిగించాలి. బయటి గోడకి కాకుండా లోపలి గోడకి, గోడకీ ఫ్రేముకీ మధ్య వేలెడు సందు ఉండేలా కార్క్ ముక్కలు పెట్టి తగిలించాలి. ఏసీ రాత్రి వేసి పగలు ఆపడం అన్నిటికన్నా చెడ్డది. నిలకడగా 60 శాతం తేమ ఉన్నా బట్ట ఓర్చుకుంటుంది, రోజూ 50కీ 80కీ మధ్య ఊగితే ఓర్చుకోదు. పెట్టె దిగాక 24 గంటలు విప్పకుండా ఆ గదిలోనే ఉంచాలి.

కొత్తచూపు (9.30)

మొరాండి మన వల్ల కాదు. ఇటలీ దృశ్యమే కావాలి, ధర మాత్రం పదో వంతులోపు. ఎవరున్నారు?

గ్రిజ్జానా_దారి (9.55)

ఆర్తూరో తోజి (1871–1956). బెర్గామో దగ్గర రొవెత్తా కొండలు, దట్టమైన చేతివాటం, మంచి పచ్చలు. మార్కెట్ చిన్నచూపు చూస్తుంది, నా లెక్కలో అన్యాయం. ఒత్తోనె రోజాయి (1895–1957): ఫ్లోరెన్స్ వియా సాన్ లియొనార్దో, రెండు గోడల మధ్య ఎక్కే దారి, సైప్రస్ చెట్లు. బొమ్మలు గొప్పవి, నకిలీలు కుప్పలు. ఫిలిప్పో దె పిజిస్ (1896–1956) వెనిస్, పారిస్ దృశ్యాలదీ అదే గొడవ. వాటికి ఆర్కైవ్ (ఆ కళాకారుడి అసలు బొమ్మల్ని నమోదు చేసే సంస్థ) నంబరు లేకుండా చెయ్యి ఎత్తొద్దు. తోజికీ, దె పిజిస్‌కీ వారసుల వాటా 2026 చివరితో, రోజాయికి 2027 చివరితో ముగుస్తుంది, శాస్త్రిగారి లెక్కలో కొంత మిగులు.

మొరాండే కావాలంటే ఎచ్చింగులు (లోహపు రేకు మీద గీసి కాగితం మీద అచ్చు తీసినవి) ఉన్నాయి. 1930 నుంచి 1956 దాకా బొలోన్యా అకాడమీలో ఆయన నేర్పింది ఆ విద్యే. గ్రిజ్జానా దృశ్యాలు రేకు మీద కూడా గీశాడు, వాటికీ వితాలి కాటలాగ్ ఉంది. ఎడిషన్ నంబరు, పెన్సిలు సంతకం, కాగితం అంచులు కత్తిరించారా లేదా, ఈ మూడూ చూడాలి.

వెనకచట్రం (10.10)

రోజాయి విషయంలో ఇంకో మాట. బొమ్మ వెనక "అసలుదే" అని ఎవరో ప్రముఖుడు రాసి సంతకం పెట్టిన ఫోటో అంటించి ఉంటుంది. ఫోటో వెనక రాసినదాన్ని ఆర్కైవ్ పత్రంతో సమానం అనుకోవద్దు. ఈరోజు మార్కెట్ ఎవరి మాట ఒప్పుకుంటుందో అదే పత్రం.

సుత్తిదెబ్బ (బుధవారం, ఉదయం 9.15)

పాట ఎక్కడ ఆపాలన్నది మిగిలింది.

అమ్మేవాడి రిజర్వు, అంటే అంతకి తక్కువైతే అమ్మనన్న ధర, సాధారణంగా కింది అంచనాకి మించదు. అక్కడిదాకా గదిలో ఎవరూ చెయ్యి ఎత్తకపోయినా వేలం నడిపేవాడు అమ్మేవాడి తరఫున పాట పెంచుకుంటూ పోవచ్చు. నియమాల్లో ఆ హక్కు రాసుకుంటారు. కాబట్టి 3,00,000 దగ్గర మీరొక్కరే పోటీ పడుతున్నది గాలితో కావచ్చు. ఆ ధరల్లో పెంపు సాధారణంగా పది శాతం అటూఇటూ.

ఇటలీ సంస్థల్లో అంచనా పక్కన "బాజె దాస్తా" అని ఉంటే పాట మొదలయ్యే ధర అది. లాట్ పోకపోతే "దొపో ఆస్తా" అని కొద్దిరోజులు ఆ ధర దగ్గర్లోనే విడిగా అమ్మజూపుతారు. బేరం అక్కడ కుదురుతుంది, గదిలో కాదు. అమ్ముడుపోని బొమ్మని వాళ్ళు "బ్రుచాతో" అంటారు, కాలిపోయింది అని. అలా కాలిన బొమ్మ మళ్ళీ ఒకట్రెండేళ్ళలో వస్తే పాత ఫలితం అందరి ఫోన్లలోనూ ఉంటుంది.

ఈ లాట్‌కి నా తీర్పు: మొరాండిలో జనం సీసాలు పెట్టి వేసిన బొమ్మలకి ఇచ్చే ధర కొండల దృశ్యాలకి ఇవ్వరు. పైగా పత్రం లేదు. ఇటలీలో ఇల్లుండి అక్కడే గోడకి పెట్టేవాడైతే కింది అంచనా దాకా పాడొచ్చు. బయటికి తీసుకెళ్ళాలనుకునేవాడు అసలు పాడకూడదు.

చట్టం_చదవండి (9.40)

ఒప్పుకుంటాను, ఒక్క సవరణతో. పాటకి ముందే పత్రం వస్తే మీ తీర్పు తిరగబడుతుంది, అంచనా కూడా. పాట రోజు ఉదయం ప్రకటించే సవరణల కాగితం తప్పక చూడాలి.

పాటగాడు (రాత్రి 7.50)

సంస్థకి పంపిన ఉత్తరంలో అడిగినవి: వెనక పూర్తి ఫోటో, నాలుగు అంచుల ఫోటోలు, యూవీ ఫోటో, పక్కవాటం దీపంతో ఒకటి, సంతకం మాక్రో, ఎగుమతి దరఖాస్తు చరిత్ర, వ్యాట్ ఏ దారి, వారసుల వాటా ఎవరి మీద. ఇంకేమైనా?

రంగుపొర (8.05)

యూవీ ఫోటో ముందుపక్కది ఒక్కటే పంపుతారు. వెనకది కూడా అడగండి. చీటీ కాగితం మెరుస్తుందో లేదో అందులోనే తెలుస్తుంది.